తాయెత్తులో దాచిన గొంతు

నాగప్పన్ నోరు మంచిది కాదు. ఈ తమిళ పట్నంలో, చూలై పేటలో ఎవరినడిగినా ఈ మాటే చెప్తారు, అడక్కపోయినా చెప్తారు. కుక్కర్లు, గ్యాస్ స్టవ్వులు రిపేరు చేసే ఆయన అంగడి ముందు కొత్తవాళ్ళు ఎవరైనా వచ్చి నిలబడితే, పక్క అంగళ్ళవాళ్ళు చేతిలో పని ఆపి మరీ చూసేవాళ్ళు, ఈ పొద్దు వీళ్ళకి ఎంత పడతాదో అని. ఎవరో పాపం ఒకామె కుక్కరు తెచ్చి, "అన్నా, విజిలు రావడం లేదు" అంటే, "లోపల నీళ్ళు పోసినావా, లేకపోతే మీ అత్త మీద కోపమే పోసి మూత పెట్టినావా?" అని అడిగేవాడు. పని మాత్రం శుద్ధంగా చేసి ఇచ్చేవాడు. ఇచ్చేటప్పుడు ఇంకో నాలుగు మాటలు కలిపి ఇచ్చేవాడు.

వాళ్ళ నాయన నెల్లూరు పక్క నుంచి వచ్చి ఈడ పాత్రలకు మాట్లు వేసుకుంటా బతికినాడు. నాగప్పన్ పుట్టింది, పెరిగింది, చదివినంత చదివింది అంతా చూలైలోనే. బడిలో నేర్చుకున్నది తమిళం. తెలుగు అక్షరం ఒక్కటి కూడా గుర్తుపట్టలేడు. అయితే నోట్లో ఉండేదంతా తెలుగే. అంగట్లో తమిళంలో కూడా తిడతాడు, కానీ అది పనికి పోయేటప్పుడు వేసుకునే చొక్కా మాదిరి. ఇంటికొచ్చి విప్పి పారేస్తాడు. వాకిట్లోకి కాలు పెట్టినాడంటే తెలుగు, అదీ మామూలు తెలుగు కాదు, పెళుసు తెలుగు.

ఆ వాకిలి ఒకటే, చుట్టూ ఇండ్లు వరసగా ఉంటాయి, మధ్యలో చేతిపంపు. నాగప్పన్ ఇంటికి సరిగ్గా ఎదురిల్లు లూర్దుమేరిది. మొగుడు సుబ్బన్ పోయినాక ఒక ఇస్కూల్లో ఆయాగా చేస్తా ఒంటిగా బతకతా ఉండాది. నాగప్పన్‌కి ఆమె అంటే పడదు. ఆమెకు నాగప్పన్ అంటే అసలే పడదు. విరిగిపోయిన కుక్కర్లు తెచ్చి ఈయన పంపు పక్కన కుప్ప పోస్తాడు. ఆమె గిన్నెలు కడిగిన ఎంగిలి నీళ్ళు సరిగ్గా ఆ కుప్ప మీదే పోస్తాది. మొదలుపెట్టింది ఎవరని అడిగితే ఇద్దరూ ఎదుటి గుమ్మం వైపు వేలు చూపిస్తారు. ఏండ్లు గడిచిపోయినాయి, కుప్ప తగ్గలేదు, నీళ్ళు ఆగలేదు.

ఒక ఆదివారం గొడవ బాగా ముదిరింది. చర్చి నుంచి వచ్చిన లూర్దుమేరి చీర అంచు కుక్కరు పిడికి తగులుకుని చినిగింది. "దరిద్రుడా, దోవలో పెట్టినావే నీ పాడు ఇనుము!" అని ఆమె లేచింది. నాగప్పన్ ఒంటికాలి మీద లేచినాడు. ఆమె అంతటితో ఊరుకోకుండా ఫోను తీసి ఎత్తి పట్టుకుంది. "అను! ఇంకా అను! నీ నోట్లో నుంచి వచ్చేదంతా వీడియో తీసి స్టేషన్‌లో చూపిస్తా!" అని అరిచింది. ఫోను చూసే సరికి నాగప్పన్‌కి ఇంకా రెచ్చిపోవాలనిపించింది. అనకూడని మాట ఒకటి అనేసినాడు. లూర్దుమేరి ఫోను దించకుండానే ముందుకొచ్చింది. "నీ నోరు పడిపోను!" అని గొంతు చించుకుని శపించింది.

ఆ తిట్టు మన ఇండ్లలో రోజూ ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని తిట్టేదే. ఎవరూ పట్టించుకోరు. ఆ పొద్దు నాగప్పన్ కూడా నవ్వి లోపలికి పోయినాడు.

తర్వాత కొన్ని వారాలకు గొంతు బొంగురు పోయింది. మొదట్లో జలుబే అనుకున్నాడు. మిరియాల కషాయం తాగినాడు, కోకిల ఇచ్చిన తేనె నాకినాడు. బొంగురు పోలేదు. మింగితే నొప్పి. పెళ్ళాం కోకిల నెత్తీనోరూ కొట్టుకుని ఆసుపత్రికి లాక్కుపోయింది. లోపల గడ్డ ఉందనీ, మాటపెట్టె మొత్తం తీసేయాలనీ, తీసేస్తే మనిషి బతుకుతాడనీ డాక్టరు చెప్పినాడు. నాగప్పన్ ఆ డాక్టరును కూడా తిట్టినాడు. గొంతు అప్పటికే సగం పోయి ఉంది కాబట్టి ఆయనకి సగమే వినపడింది.

బయట బెంచీ మీద కూచున్నాక, "చూసినావా? ఆ ముండ శాపం పెట్టింది. తగిలింది" అన్నాడు.

"శాపం కాదు, నీ బీడీలు" అంది కోకిల.

"నోర్మూయి. ఆ పొద్దు అది నోరు పడిపోను అనింది, ఈ పొద్దు నోరు పడిపోయింది. ఇంకేం కావాల సాక్ష్యం?"

ఆ ఆసుపత్రిలో మాట పోయినవాళ్ళకి సాధన చేయించే అమ్మాయి సునయన. గుంటూరు పక్క నుంచి ఉద్యోగానికి వచ్చింది. తమిళం ఇంకా నోరు తిరగక కష్టపడతా ఉన్న ఆ పిల్లకు తెలుగువాళ్ళు కనపడే సరికి ప్రాణం లేచొచ్చింది. "బాబాయి గారూ, కూర్చోండి" అనింది. 'ఏందిరా ఇది, రేడియో మాట్లాడతా ఉండాది' అనుకున్నాడు నాగప్పన్.

ఆమె తన ఫోన్లో ఒక యాప్ చూపించింది. తెర నిండా గళ్ళు. ఒక్కో గడి మీద ఒక బొమ్మ. నొక్కితే ఎవరో ముసలాయన గొంతు "మంచినీళ్ళు" అనింది.

"ఇది ఆయన సొంత గొంతేనండి. ఆపరేషన్‌కి ముందే రికార్డు చేసి పెట్టుకున్నారు. మీరూ అంతే, మీకు కావలసిన మాటలన్నీ ఇప్పుడే మీ గొంతుతో చెప్పి పెట్టుకోండి. తర్వాత బటన్ నొక్కితే చాలు" అని చెప్పింది. టైపు చేస్తే చదివిపెట్టే యాప్‌లు వేరే ఉన్నాయట. తెలుగు రాయడం రాని నాగప్పన్‌కి అవి ఎందుకు పనికొస్తాయి?

అయితే ఒక చిక్కు ఉంది. ఆ గళ్ళ యాప్ చేసింది ఎవరో కాలేజీ పిల్లలు. చదువులైపోయినాక ఎవరి దోవన వాళ్ళు పోయినారు. స్టోర్‌లో ఇప్పుడు వెతికినా కనపడదు. దాని ఇన్‌స్టాలర్ ఫైలు సునయన దగ్గర ఉంది. కోకిల కొనుక్కొచ్చిన మెమరీ కార్డులోకి దాన్ని ఎక్కించి, కార్డు నాగప్పన్ ఫోన్లో పెట్టి, యాప్ వేసి ఇచ్చింది.

"బాబాయి గారూ, ఈ ఫైలు ఇంకెక్కడా దొరకదు. కార్డు జాగ్రత్త. ఎప్పుడైనా యాప్ మొరాయిస్తే, తీసేసి కార్డులో నుంచి మళ్ళీ వేసుకోండి" అనింది.

నాగప్పన్‌కి అందులో ఎక్కినవి రెండే. ఇంకెక్కడా దొరకదు. అంతా కార్డులో ఉంది.

ఆపరేషన్‌కి ముందు దొరికిన ఆ కొద్ది రోజులూ నాగప్పన్ అంగడి మూసి, ఫోను ముందు పెట్టుకుని కూచున్నాడు. కోకిల పోరు పడలేక నీళ్ళు, అన్నం, నొప్పి, ఫ్యాన్ ఆపు అని నాలుగు మాటలు చెప్పినాడు. ఆ తర్వాత అంగడికి కావలసినవి. "రబ్బరు మార్చాల." "రేపు రా." "నీ చేతులా అవి, రోకళ్ళా?" ఇక ఆ తర్వాత లూర్దుమేరికి ఒక పేజీ మొత్తం. ఆమె పేజీకి వచ్చే సరికి మనిషికి ఎక్కడలేని ఓపిక వచ్చింది. ఒక్కో తిట్టు రెండు మూడు సార్లు చెప్పి చూసుకుని, బాగా కుదిరినదాన్ని ఉంచినాడు. ముదనష్టపుదానా అనేదాన్ని ఒకసారి మెల్లగా, ఒకసారి సాగదీసి రెండు రకాలుగా పెట్టుకున్నాడు. గొంతు మంట పుడితే కషాయం తాగి మళ్ళీ మొదలుపెట్టినాడు.

కోకిల బియ్యంలో రాళ్ళు ఏరతా అంతా వింటా ఉంది. చివరికి, "నా పేరు కూడా ఒకసారి చెప్పి పెట్టయ్యా" అనింది.

"నీ పేరెందుకే? ఎప్పుడూ పక్కనే ఉంటావు గదా. పిలవాల్సిన పనేముండాది?"

"ఊరికేలే. చెప్పి పెట్టు."

"చుమ్మా ఉండు, పోరు పెట్టబాక. గొంతు నొప్పి పెడతా ఉండాది" అని లూర్దుమేరి పేజీలో ఇంకో గడి తెరిచినాడు. కోకిల మళ్ళీ రాళ్ళు ఏరుకుంది.

రికార్డు చేసినన్నాళ్ళూ కార్డు ఫోన్లోనే ఉంది కాబట్టి, చెప్పిన ప్రతి మాటా పోయి కార్డులో కూచుందనే నాగప్పన్ లెక్క. ఇంత విలువైనదాన్ని ఫోన్లో ఉంచితే ఎవడైనా ఎత్తుకుపోతే? ఆపరేషన్‌కి ముందు రోజు సౌకార్‌పేటకు పోయి, వెండి అంగట్లో పలకగా ఉండే తాయెత్తు ఒకటి కొన్నాడు. కార్డును పసుపు గుడ్డలో చుట్టి అందులో దూర్చి, మూత నొక్కి, మొలతాడుకు కట్టుకున్నాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ దిష్టి తగలకుండా కట్టింది కూడా ఆ చోటే. ఆసుపత్రిలో నర్సు విప్పమంటే గుడ్లురిమినాడు. కోకిల బతిమాలి విప్పి, ఆయన కళ్ళు తెరిచేదాకా తన కొంగున కట్టుకుంది.

గొంతు పోయింది. మెడ మీద ఊపిరి తీసుకునే చిల్లు, దాని మీద తెల్లగుడ్డ. మనిషి ఇంటికి వచ్చినాడు.

వచ్చిన మర్నాడే పంపు దగ్గర లూర్దుమేరి కనపడింది. నాగప్పన్ ఫోను తీసి ఆమె పేజీ తెరిచి, సాగదీసింది నొక్కినాడు. "ముదనష్టపుదాఆఆనా!" అని వాకిలంతా మోగింది. తన గొంతు తనకే వినపడితే ఒళ్ళు పులకరించింది. ఆమె ఏమంటాదా అని రెండోదాని మీద వేలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

ఆమె ఏమీ అనలేదు. బిందె నిండకముందే ఎత్తుకుని, తల వంచుకుని పోయింది.

ఆ పొద్దే కాదు, ఏ పొద్దూ అనలేదు. ఎన్ని బటన్లు నొక్కినా ఒక్క మాట తిరిగి రాదు. ఎంగిలి నీళ్ళు కూడా వేరే చోట పోసుకోవడం మొదలుపెట్టింది. నాగప్పన్‌కి కడుపు మండిపోయింది. దీని శాపం ఫలించింది కదా, ఇంక నాతో మాటెందుకని లోలోపల నవ్వుకుంటా ఉండాది అనుకున్నాడు. నవ్వుకునేదాన్ని ఎంత తిడితే సరిపోతాది? పొద్దునా సాయంత్రం నొక్కతానే ఉన్నాడు. కోకిలను పిలవాలంటే మాత్రం గ్లాసు మీద స్పూను పెట్టి కొట్టేవాడు.

అట్లా కొన్ని నెలలు గడిచినాయి. ఫోను నిండిపోయింది. ఎవరెవరో పంపిన దేవుడి బొమ్మలు, గుడ్ మార్నింగులు, స్టవ్వు రిపేరు వీడియోలు. బటన్ నొక్కితే మాట వచ్చేదానికి టైము పట్టతా ఉంది.

ఒక పొద్దున లూర్దుమేరి పంపు దగ్గరికి వచ్చి, దోవకడ్డంగా దొర్లి ఉన్న కుక్కరు మూతను కాలితో కొంచెం పక్కకు జరిపింది. అంతే. నాగప్పన్ ఊగిపోయి ఫోను తీసి నొక్కినాడు. రాలేదు. మళ్ళీ నొక్కినాడు. తెర తెల్లబడింది. ఆమె బిందె నింపుకుని, ఇంట్లోకి పోయి, తలుపు వేసుకున్నాక, అప్పుడు వచ్చింది ఫోనుకు మాట. "పాడుమొగందానా! పాడుమొగందానా! పాడుమొగందానా!" మూసిన తలుపును పట్టుకుని తిట్టింది. పంపు దగ్గరున్న ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

నాగప్పన్ మొగం ఎర్రబడింది. మొరాయిస్తే తీసేసి మళ్ళీ వేసుకోమనింది గదా ఆ రేడియో పిల్ల! నిలబడిన చోటే యాప్ తీసి పారేసినాడు. తీసేస్తే అందులో ఉండేదంతా పోతాదని ఫోను చూపించిన మాట కూడా చదవలేదు. మొలతాడు పైకి లాగి, తాయెత్తు మూత గోటితో ఊడబెరికి, కార్డు ఫోన్లో పెట్టి, ఫైలు నొక్కినాడు. యాప్ వచ్చింది. తెరిచినాడు.

గళ్ళు ఉన్నాయి. అన్నీ బూడిద రంగు. బొమ్మ లేదు, మాట లేదు. ఒక గడి నొక్కినాడు. రెండోది నొక్కినాడు. కోపంతో మొత్తం పేజీ మీద వేలు రుద్దినాడు. ఫోను ఉలకలేదు, పలకలేదు.

కోకిల ఆయన్ని ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. సునయన ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, కార్డు చూసి, తల పట్టుకుంది.

"బాబాయి గారూ, కార్డులో ఉన్నది యాప్ వేసుకునే ఫైలేనండి. మీరు చెప్పిన మాటలు అందులోకి పోలేదు. అవి ఫోన్లో ఉన్నాయి. యాప్‌తో పాటు అవీ పోయాయి." ఆయనకి అర్థం కాలేదని తెలిసి, మళ్ళీ చెప్పింది. "కొత్త కుక్కరు తెచ్చి దాచుకున్నారు. అన్నం ఉన్నది పాత కుక్కర్లో. దాన్ని విసిరేశారు. తప్పు నాదేనండి, నేను విడమరిచి చెప్పాల్సింది."

నాగప్పన్ బల్ల మీద చేత్తో గట్టిగా చరిచినాడు. ఆ పిల్లను తిట్టడానికి కూడా ఆయన దగ్గర మాట లేదు.

అంగట్లో కూచున్నాడు. వచ్చినవాళ్ళకు తమిళంలో టైపు చేసి చూపిస్తే, ఫోన్లో నుంచి ఒక ఆడమనిషి తియ్యగా చదివేది. 'దయచేసి రేపు రండి' అనే ఆ గొంతు వింటే నాగప్పన్‌కి చెప్పు తీసుకోవాలనిపించేది. అంతకంటే పెద్ద అవమానం ఇంకోటి ఉంది. జనం మంచిగా మాట్లాడటం మొదలుపెట్టినారు. "పరవాలేదన్నా, మెల్లగా చేయండి" అని జాలిగా నవ్వి పోయేవాళ్ళు. తనకు భయపడనివాళ్ళ ముందు ఎట్లా కూచోవాలో నాగప్పన్‌కి తెలీలేదు. అంగడి మూసేసి ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెడితే తింటాడు, లేకపోతే లేదు. చివరికి స్పూను కొట్టడం కూడా మానేసినాడు.

అప్పుడు కోకిలకు ఆ ఆదివారం గొడవలో లూర్దుమేరి తీసిన వీడియో గుర్తొచ్చింది. వాకిలి దాటి ఎదురింటికి పోయింది. లోపలికి రానియ్యకుండా లూర్దుమేరి గుమ్మంలోనే నిలబడింది.

"తుడిచేసినా. లేదు."

"అక్కా, ఆయన గొంతు ఇంకెక్కడా లేదు."

"లేకపోతే పీడ వదిలింది. పో."

కోకిల వచ్చి మొగుడికి చెప్పింది. "ఉండాది. అబద్ధం చెప్తా ఉండాది, కండ్లలో కనపడింది" అని కూడా చెప్పింది. నాగప్పన్ అటు తిరిగి ఉన్నవాడల్లా లేచినాడు. పంచ సవరించుకుని, వాకిలి దాటి పోయి లూర్దుమేరి గుమ్మం ముందు నిలబడినాడు. పుట్టి బుద్ధెరిగినాక ఆ గుమ్మం ముందు నోరు మూసుకుని నిలబడింది అదే మొదలు.

"దేనికొచ్చినావు? తిట్టేదానికి నీ డబ్బా కూడా లేదంట గదా."

ఆయన మొలతాడు నుంచి తాయెత్తు తెంచి, మూత తీసి, ఇందులో నా గొంతు లేదన్నట్టు చూపించినాడు. ఆసుపత్రి నుంచి రాగానే తిరిగి దాచుకున్న కార్డు చేతిలో పడింది. లూర్దుమేరి దాని వైపు చూసింది, ఆయన మెడ మీద గుడ్డ వైపు చూసింది. మొగం తిప్పుకుంది.

"తుడిచేయలేదు. చేత కాలేదు" అనింది. "నీ మీద జాలితో కాదు, అది బాగా గుర్తు పెట్టుకో. నీకు ఆపరేషన్ అని తెలిసిన దినం నుంచి నేను తిన్నది ఒంటికి పట్టలేదు. నా నోటి మాటే తగిలిందని ఎన్నిసార్లు మోకాళ్ళ మీద పడి ఏడ్చినానో నాకు తెలుసు, ఆ ప్రభువుకు తెలుసు. అందుకనే నువ్వెంత మొరిగినా నోరు తెరవలేదు. ఇంక ఒక మాటంటే అది కూడా తగిలితే ఎట్లా అని." కళ్ళు తుడుచుకుని, మళ్ళీ కోపం తెచ్చుకుంది. "కావాలంటే ఇస్తా. ముందు నిలబడి విను. ఇన్నాళ్ళూ నేను ఒక్కదాన్నే ఎందుకు వినాల?"

ఫోను ఆయన చెవి దగ్గర పెట్టి నొక్కింది.

ఫోను పట్టుకున్నది ఆమె కాబట్టి వీడియో నిండా ఆమె అరుపులే. నాగప్పన్ గొంతు దూరంగా ముక్కలు ముక్కలుగా ఉంది. తేటగా వినపడింది రెండే చోట్ల. ఒకటి ఆ పొద్దు అనేసిన మాట. "సుబ్బన్ సచ్చి బతికిపోయినాడు! నీ నోరు తట్టుకోలేకనే సచ్చినాడు!" అది వినేటప్పుడు నాగప్పన్ కళ్ళు నేల మీదే ఉన్నాయి. రెండోది దాని వెనకనే వచ్చింది. తలుపు మూయమని చెప్పేదానికేమో, లోపలున్న పెళ్ళాన్ని కేకేసినాడు.

"కోకిలా!"

గట్టిగా, నిండుగా, జబ్బు అంటని గొంతు. సరిగ్గా దాని మీదే పడింది లూర్దుమేరి కేక. "నీ నోరు పడిపోను!"

వెనకాల నిలబడి ఉన్న కోకిల తన పేరు విని చెయ్యి గుండెల మీద పెట్టుకుంది.

సునయన ఆ వీడియోను యంత్రంలో పెట్టి ఎంతో సేపు కుస్తీ పట్టింది. "బాబాయి గారూ, రెండు ముక్కలు వచ్చాయి" అనింది. మొదటిది వినిపించి, "ఇది కూడా బటన్ చేయమంటారా?" అని మొహమాటంగా అడిగింది. నాగప్పన్ గబగబా తల అడ్డంగా ఊపినాడు. "పోనీ రెండోది చేస్తాను. కాకపోతే ఆ పేరు చివర ఆవిడ అరుపు కలిసిపోయిందండి. విడదీస్తే పేరు సగమే మిగులుతుంది." నాగప్పన్ చేత్తో సైగ చేసినాడు, ఉండనీ అని. ఈసారి ఆ పిల్ల ఇన్‌స్టాలర్‌తో పాటు గొంతు ముక్కను కూడా కార్డులోకి ఎక్కించి, ఆయన ముందే తెరిచి వినిపించి, తాయెత్తులో తన చేత్తో పెట్టి మూత నొక్కింది.

ఇంటికొచ్చి నొక్కినాడు. "కోకిలా! నీ నోరు పడిపోను!"

"వస్తా ఉండా!" అని కోకిల తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. ఆమె ఆ పొద్దంతా నవ్వతానే ఉంది. ఏం పని లేకపోయినా నొక్కినాడు, ఏం పని లేకపోయినా వచ్చింది.

కానీ నాగప్పన్ నాగప్పనే గదా. మర్నాడు పొద్దున పంపు దగ్గర లూర్దుమేరి ఉన్నప్పుడు నొక్కినాడు. తన గొంతే తనను శపించడం విని ఆమె బిందె మీద చెయ్యి ఆపి నిలబడిపోయింది. మొగంలో నెత్తురు లేదు. నాగప్పన్‌కి అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ ఒక పేజీ నిండా తిట్లు పెట్టుకున్నా ఆమెకు చీమ కుట్టినట్టు కూడా లేదు. ఇది ఒక్కటి నొక్కితే మనిషి కుంగిపోతా ఉండాది. ఆమె నోటితోనే చెప్పింది గదా ఎక్కడ నొప్పో!

ఇంక చూసుకో. ఆమె పంపు దగ్గరికి వస్తే నొక్కుడు. బట్టలు ఆరేస్తే నొక్కుడు. ఇస్కూలు నుంచి వచ్చి తాళం తీస్తా ఉంటే నొక్కుడు. సౌండు పూర్తిగా పెంచి, ఫోను ఆమె ఇంటి వైపు తిప్పి, "కోకిలా! నీ నోరు పడిపోను!" లూర్దుమేరి పంపుకు రావడం మానేసింది. కిటికీ మూసేసింది. నాగప్పన్‌కి అన్నం సయించింది, రంగు తేలినాడు, అంగడి కూడా తెరిచినాడు.

ఒక సాయంత్రం గుమ్మంలో కూచుని, ఎదురింటి తలుపు తెరుచుకోవడం చూసి నొక్కినాడు. "కోకిలా! నీ నోరు పడిపోను!" లోపలి నుంచి పలుకు రాలేదు. మళ్ళీ నొక్కినాడు. ఇంకోసారి నొక్కినాడు. తిరిగి చూస్తే కోకిల స్టవ్వు ముందే ఉంది. వింటానే ఉంది. చారు పోపు పెట్టతా ఉంది.

చెయ్యి ఊపి, ఏమైంది, చెవుడా అన్నట్టు చూసినాడు.

కోకిల గరిటె కింద పెట్టి వచ్చి ఆయన ముందు నిలబడింది. పెళ్ళైనప్పటి నుంచి ఆయన కోపాలన్నీ మింగిన మనిషి, ఆ పొద్దు ఆమె కళ్ళలో ఉన్న కోపం నాగప్పన్ ఎరగనిది.

"నా పేరు చెప్పి పెట్టయ్యా అని అడిగినా. చెప్పలేదు నువ్వు. దాని పేజీకి ఓపిక ఉండింది, నా పేరుకు గొంతు నొప్పి వచ్చింది. సరి, పోనీలే అనుకున్నా. ఇప్పుడు ఆ ఒక్క పేరు దేవుడిచ్చినట్టు దొరికితే, దాన్ని రాయి మాదిరి ఎత్తి ఆమె మీద వేస్తా ఉండావు. నా పేరుతో ఆమెను కొట్టబాకయ్యా. నేను పలకను."

పోయి స్టవ్వు ముందు నిలబడింది. ఇటు తిరగలేదు.

నాగప్పన్ ఫోను వైపు చూసినాడు. ఎదురింటి గుమ్మంలో లూర్దుమేరి చీపురు పట్టుకుని, ఇంకోసారి పడతాదని తెలిసి, మొగం వంచుకుని ఊడ్చతా ఉంది. ఆయన వేలు బటన్ మీద చాలాసేపు ఉంది. ఆ తర్వాత ఫోను బోర్లించి, గ్లాసు అందుకుని, స్పూనుతో కొట్టినాడు.

కోకిల చారు తెచ్చి పెట్టింది.

లూర్దుమేరికీ నాగప్పన్‌కీ సఖ్యత ఏమీ కుదరలేదు. కుక్కర్ల కుప్ప పంపు పక్కనే ఉండాది. లూర్దుమేరి మళ్ళీ ఎంగిలి నీళ్ళు దాని మీదే పోస్తా ఉండాది. ఆమె కనపడితే నాగప్పన్ మూతి తిప్పుకుంటాడు, ఆమె తన గడపలో నిలబడి ఊస్తాది. అయితే పొద్దున ఆమె ఇస్కూలుకు బయలుదేరేదాకా ఆయన ఫోను ముట్టుకోడు. గుమ్మంలో కూచుని వింటా ఉంటాడు. ఎదురింటి తాళం పడతాది. చెప్పుల చప్పుడు సందు చివరి దాకా పోతాది. అప్పుడు సౌండు తగ్గించుకుని, ఫోను దగ్గరగా పెట్టుకుని నొక్కుతాడు.

"ఆ, వస్తా ఉండా" అంటాది కోకిల.